మొదటి బెల్లు కంటే ముందు



రేణిగుంట నుంచి శ్రీకాళహస్తి వైపు పోయే దారిలో ఏర్పేడు తగులుతుంది. గుడిమల్లం పరశురామేశ్వరస్వామి గుడి ఈ మండలంలోనే ఉంది. గాజుపూసలకు పేరుపడ్డ పాపానాయుడుపేట ఇక్కడిదే. 1926లో మలయాళస్వామి వ్యాసాశ్రమం పెట్టిందీ ఇక్కడే. ఇప్పుడు ఐఐటీ, ఐసర్ కూడా ఇదే మండలంలో వెలిశాయి. చెప్పుకోవడానికి ఇన్ని ఉన్నా, నేను ఈ పూట మాట్లాడదామని వచ్చింది ఈ చుట్టుపక్కల ప్రభుత్వ బడులకు పోయే పిల్లల గురించి, వాళ్ల ఆకలి గురించి.

నేను అడగబోయేది ముందే చెప్పేస్తాను. మధ్యాహ్నం బడిలో పెట్టే అన్నం మన పిల్లల్ని నిలబెట్టింది. అది చాలదు. పొద్దున పూట కూడా బడిలో తిండి పెట్టాలి. వండిపెట్టే ఆడవాళ్లకు డబ్బు ఏ నెలకానెల చేతికందాలి. ఈ రెండూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఎలాగో చెబుతాను, కాస్త ఓపికగా వినండి.

నాట్లప్పుడు, కలుపులప్పుడు, చెనిక్కాయలు పెరికేటప్పుడు మా పల్లెల్లో ఆడవాళ్లు తెల్లారీ తెల్లారకముందే కూలికి పోతారు. కంపెనీలకు పోయేవాళ్లకు బస్సు ఇంకా ముందే వస్తుంది. పొయ్యి వెలిగించడానికి సమయం ఉండదు. రాత్రి అన్నం మిగిలితే అందులో ఇన్ని నీళ్లు పోసి పెట్టిపోతారు. మిగలకపోతే లేదు. పెద్దపిల్ల చిన్నపిల్లాడికి జలుబు రాకుండా చొక్కా తొడిగి, తానూ తల దువ్వుకుని, ఇద్దరూ బడికొస్తారు. యానాది కాలనీల్లో ఇది మరీ ఎక్కువ. నేను టీచరుగా పనిచేసినన్నాళ్లూ ప్రార్థన లైనులో కళ్లు తిరిగి కూలబడే పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. నాతోటి టీచర్లు చూడనివాళ్లు ఉండరు. "ఏం తిన్నావు నాయనా" అంటే "తిన్నాను టీచర్" అంటారు. ఏం తిన్నావో చెప్పమంటే తల వంచుకుంటారు. తల్లిని తక్కువ చేయడం పిల్లలకు ఇష్టం ఉండదు.

మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టేది పన్నెండు దాటాక. బడి మొదలయ్యేది తొమ్మిదికి. ఆ మూడు గంటల్లోనే మేము లెక్కలు, తెలుగు చెప్పాలని టైంటేబుల్ వేసుకుంటాం, ఆ సమయంలోనే పిల్లల బుర్ర చురుగ్గా ఉంటుందని. కడుపులో ఏమీ లేని పిల్లవాడికి ఆ గంటలే అన్నిటికంటే బరువుగా గడుస్తాయి. రెండో పీరియడ్ నుంచి వాడి చూపు వంటగది వైపే. భాగహారం వాడికెక్కలేదంటే మొద్దని కాదు, ఆకలి.

బడిలో తిండి పెట్టడం కొత్త సంగతి కాదు. చిత్తూరు జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. 1920లో మద్రాసు కార్పొరేషన్‌కు పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడు. ఆయన తెలుగువారే. ఆ సెప్టెంబరులో థౌజండ్ లైట్స్‌లోని కార్పొరేషన్ బడి పిల్లలకు టిఫిను పెట్టాలని తీర్మానం చేశారు. ఒక్కొక్కరికి రోజుకు అణా మించకూడదని లెక్క. ఆ తర్వాత మరికొన్ని బడులకూ ఇచ్చారు. పిల్లల సంఖ్య బాగా పెరిగింది. అయినా విద్యానిధి నుంచి ఆ ఖర్చు పెట్టడానికి వీల్లేదని బ్రిటిషు ప్రభుత్వం అడ్డుపడింది, 1925లో ఆగిపోయింది. తిండి ఖర్చు చదువు ఖర్చులోకి రాదన్నది ఆనాటి దొరల వాదన. ఈ వాదన ఇప్పటికీ అక్కడక్కడా వినబడుతూనే ఉంది.

ముఖ్యమంత్రి కామరాజు 1956లో మద్రాసు రాష్ట్రంలో బడి భోజనం మొదలుపెట్టేనాటికి మనం ఆంధ్రలోకి వచ్చేశాం. ఇక్కడ 1960లు, 70ల్లో చదువుకున్నవాళ్లకు కేర్ సంస్థ పంపిన రవ్వతో చేసిన ఉప్మా, పాలపొడి గుర్తుండి ఉంటాయి. అది కొన్ని బడుల్లో ఉండేది, కొన్నిట్లో లేదు. 1995 ఆగస్టు 15న కేంద్రం దేశమంతటికీ ఒక పథకం తెచ్చింది. చాలా రాష్ట్రాల్లో అది వండిన అన్నంగా రాలేదు. హాజరు సరిగా ఉన్న పిల్లకు నెలకు 3 కిలోల బియ్యం ఇంటికి ఇచ్చారు. ఆ మూడు కిలోలు ఇంట్లో ఐదుగురి మధ్య ఎన్నాళ్లు వస్తాయో మీకు తెలుసు. పిల్ల పేరున వచ్చిన బియ్యంలో పిల్ల నోటికి చేరేది ఎంత!

దాన్ని మార్చింది సుప్రీంకోర్టు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ వేసిన కేసులో 2001 నవంబరు 28న ఉత్తర్వు వచ్చింది. బడిలోనే వండి పెట్టాలి, రోజుకు కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల మాంసకృత్తులు ఉండాలి, ఏడాదిలో కనీసం 200 రోజులు పెట్టాలి అని. మన రాష్ట్రంలో 2003 జనవరిలో డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల చేతుల మీదుగా వంట మొదలైంది. తర్వాత హైస్కూలు దాకా పాకింది. 2013 ఆహార భద్రత చట్టం దీన్ని పిల్లల హక్కుగా రాసింది: ప్రాథమిక బడిలో 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, పై తరగతుల్లో 700 కేలరీలు, 20 గ్రాములు. ఇవాళ మన రాష్ట్రంలో దీని పేరు డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. కోనసీమ లంకల గన్నవరంలో ఆకలితో గుమ్మం తొక్కినవాళ్లకు వేళ కాని వేళ కూడా వడ్డించిన తల్లి ఆమె. 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కాలేజీ పిల్లలకూ పెడుతున్నారు. ప్రభుత్వాలు మారినప్పుడల్లా పేరు మారింది. అన్నం మాత్రం ఆగలేదు, పెరుగుతూ వచ్చింది. ఇందులో అన్ని పార్టీలకూ వాటా ఉంది, అందరికీ దండం పెడతాను.

ఈ అన్నం వల్ల ఏం జరిగిందో మన నేల మీదే లెక్క తీశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచి సుమారు 2 వేల మంది పసిపిల్లల్ని యంగ్ లైవ్స్ అనే అధ్యయనం వాళ్లు ఏళ్ల తరబడి గమనించారు. అనంతపురం, కడప పల్లెలు అందులో ఉన్నాయి. అభిజిత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఆ వివరాలు పరిశీలించారు. పసితనంలో కరువు దెబ్బ తిన్న పిల్లలు ఎత్తు, బరువు తగ్గిపోయారు. బడి భోజనం అందిన పిల్లల్లో ఆ లోటు చాలావరకు పూడింది. రాయలసీమవాళ్లకు కరువంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. వాన రాని ఏడాది తండ్రి బెంగళూరుకు వలసపోయినా, పిల్లకు ఒక పూట బడిలో జరిగిపోయింది. ఆ ఒక్క పూటే పిల్ల ఒంటిని కాపాడింది.

ఇంకో పరిశోధన 2021లో వచ్చింది. చిన్నప్పుడు బడి భోజనం తిన్న ఆడపిల్లలు పెద్దయి తల్లులయ్యాక, వాళ్లకు పుట్టిన బిడ్డలు వయసుకు తగ్గ ఎత్తు ఎదగడంలో మెరుగ్గా ఉన్నారని తేలింది. 2003లో మొదటిసారి బడిలో పళ్లెం పట్టుకున్న పాపలు ఇవాళ తల్లులు. వాళ్ల బిడ్డలు ఇప్పుడు మన అంగన్వాడీల్లో, బడుల్లో ఉన్నారు. ఇంత జరిగినా చేయాల్సింది బోలెడు మిగిలింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో మన రాష్ట్రంలో ఐదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. 63 శాతం మందికి రక్తహీనత. వీళ్లే ఆరో ఏట బడి గడప తొక్కేది.

ఇక వంటగదిలోకి వద్దాం.

బడి వంట చేసే తల్లిని మనం ఆయా అంటాం, వంటామె అంటాం, రికార్డుల్లో కుక్ కమ్ హెల్పర్. 25 మంది పిల్లల వరకు ఒకరు, 100 మంది దాకా ఇద్దరు, ఆపైన ప్రతి వందకూ ఇంకొకరు. ఇదీ నిబంధన. బియ్యం ప్రభుత్వం ఇస్తుంది. గుడ్లు, చిక్కీ వస్తాయి. పప్పు, కూరగాయలు, నూనె, తిరగమోత సరుకులు, గ్యాసో కట్టెలో ఆమే చూసుకోవాలి. బిల్లు తర్వాత వస్తుంది. వీటికి కేంద్రం 2025 మే 1 నుంచి ఖరారు చేసిన రేటు ప్రాథమిక బడిలో పిల్లకు రోజుకు 6 రూపాయల 78 పైసలు, పై తరగతుల్లో 10 రూపాయల 17 పైసలు. సంతలో టమాటా ధర మీకు తెలుసు, కందిపప్పు ధర తెలుసు. ఆమెకిచ్చే గౌరవవేతనం 2009లో నెలకు వెయ్యి. మన రాష్ట్రం 2019లో దాన్ని 3 వేలు చేసింది. 3 వేలంటే రోజుకు వంద. పొద్దున పోయి మధ్యాహ్నం సామాన్లు తోమి ఇల్లు చేరే మనిషికి అది కూలి కూడా కాదు.

ఆ బిల్లు ఒక నెల ఆగిందనుకోండి. ఆమె కొట్లో అప్పు పెడుతుంది. రెండో నెలా రాలేదు, కొట్టాయన మొహం మారుతుంది. మూడో నెలకు కమ్మలు కుదువకు పోతాయి. అప్పటికి పప్పు పలచబడుతుంది. కూరలో ముక్కలు తగ్గుతాయి. పిల్లలు ఇష్టంగా తినరు, అన్నం మిగులుతుంది. చూడడానికొచ్చిన అధికారి పప్పు నీళ్లగా ఉందని ఆమెను కోప్పడతాడు. తప్పు ఎక్కడ మొదలైందో ఎవరూ వెనక్కి పోయి చూడరు. పథకం నాణ్యత అంతా ఆ తల్లి చేతిలో ఉన్న డబ్బు మీద ఆధారపడి ఉంది. ఈ మాట నేను గట్టిగా చెబుతున్నాను. మెనూ ఎన్నిసార్లు మార్చినా, తనిఖీలు ఎన్ని పెట్టినా, ఆమె బిల్లు ఆగితే పిల్ల పళ్లెంలో తేడా వస్తుంది.

ఆమె మీద మనం పెట్టిన నమ్మకం చిన్నదేమీ కాదు. 2013 జులైలో బిహార్ సారణ్ జిల్లా బడిలో పురుగుమందు కలిసిన నూనెతో వండిన అన్నం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన నిబంధనల్లో పిల్లల కంటే ముందు టీచరు రుచి చూడాలని రాశారు. మన దగ్గర గుడ్ల మీద రంగు ముద్ర వేసి పంపుతున్నారు, పాతవి కలవకుండా. ఇవన్నీ అవసరమే. బియ్యంలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం, బీ12 కలిపిన గింజలు నూటికి ఒకటి చొప్పున కలుపుతూ వచ్చారు. అవి కడిగేటప్పుడు నీళ్ల మీద తేలితే ప్లాస్టిక్ బియ్యమని భయపడి ఏరి పారేస్తున్నవాళ్లు ఉన్నారు. దయచేసి పారేయకండి. రక్తం తక్కువున్న పిల్లల కోసమే ఆ గింజలు.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. మలయాళస్వామి ఏర్పేడులో ఆశ్రమం పెట్టి కులం అడగకుండా, ఆడ మగ అనకుండా సంస్కృతం, వేదాంతం నేర్పిన రోజుల్లో చుట్టూ ఎంత వ్యతిరేకత ఉందో ఊహించుకోవచ్చు. చదువు వరుసలో ఆయన చేసిన పనే బడి భోజనం అన్నం వరుసలో చేసింది. రెడ్ల పిల్ల, మాలపల్లె పిల్ల, యానాది పిల్ల పక్కపక్కన కూర్చుని ఒకే గిన్నెలోని పప్పు పోసుకుని తింటారు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వంటకు ఎస్సీ, ఎస్టీ ఆడవాళ్లకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. దేశంలో అక్కడక్కడా ఆ చేతి వంట మాకొద్దని పిల్లల్ని మాన్పించిన పెద్దలు ఉన్నారు. అలాంటి మాట మీ ఊళ్లో ఎవరైనా అంటే ఊరుకోకండి. పిల్లలకు ఆ పట్టింపు లేదు. వాళ్లకు మనం నేర్పకుండా ఉంటే చాలు.

సరే, పొద్దున సంగతికి వద్దాం. మన రాష్ట్రం ఒక అడుగు ఇప్పటికే వేసింది. 2023 మార్చిలో రాగిజావ మొదలైంది, వారానికి మూడు రోజులు. పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు రాగిపిండి, బెల్లం ఇచ్చి తోడు నిలిచింది. మిగిలిన మూడు రోజులు చిక్కీ. జావ ఇచ్చే రోజు పిల్లల తీరే వేరుగా ఉంటుంది, ఏ టీచర్నైనా అడగండి. రాగి మన సీమ తిండి. సంగటి తిని పెరిగిన నేల ఇది. గ్లాసు జావ మంచిదే, అది వారమంతా ఉండాలి, దాంతోపాటు నమిలి తినేది ఏదైనా ఉండాలి.

2020 జాతీయ విద్యావిధానం ఈ మాట స్పష్టంగానే రాసింది. మధ్యాహ్న భోజనంతోపాటు పొద్దున అల్పాహారం ఉంటే ఉదయపు పాఠాలు బాగా ఎక్కుతాయని చెప్పింది. వేడిగా వండడం కుదరని చోట వేరుసెనగలో శనగలో బెల్లం కలిపి, స్థానికంగా దొరికే పండుతో ఇవ్వమంది. వేరుసెనగ, బెల్లం! ఇవి చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతు పండించేవే కదా. బ్రెజిల్ దేశంలో 2009లో ఒక చట్టం చేశారు. బడి భోజనానికి కేంద్రం ఇచ్చే డబ్బులో కనీసం 30 శాతంతో చిన్న రైతుల దగ్గరే సరుకు కొనాలని. మనమూ రాగులు, చెనిక్కాయలు, బెల్లం, ఆకుకూరలు ఇక్కడి రైతుల సంఘాల దగ్గర కొంటే పిల్లకూ తిండి, రైతుకూ గిట్టుబాటు. ఏర్పేడు పొలంలో పండింది ఏర్పేడు బడిలోకి రావడానికి లారీలు కూడా అక్కర్లేదు.

అంత దూరం ఎందుకు, పక్కనే ఉన్న తిరుత్తణిని చూడండి. అది 1960 దాకా మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. సరిహద్దులు సర్దుకున్నప్పుడు మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరులో మదురైలో బడి అల్పాహారం మొదలుపెట్టి, 2023 ఆగస్టుకల్లా రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక బడులన్నిటికీ ఇచ్చింది. ఉప్మా, కిచిడీ, పొంగలి. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లే వండుతారు. కాబట్టి ఇవాళ తిరుత్తణిలో ఐదో తరగతి పిల్లవాడు కడుపులో వేడి పొంగలితో మొదటి పీరియడ్‌లో కూర్చుంటున్నాడు. ఏర్పేడు పిల్లవాడు వారంలో సగం రోజులు గ్లాసు జావ, సగం రోజులు చిక్కీ. ఒకప్పుడు ఒకే జిల్లా. ఎండ ఒకటే, పంట ఒకటే, ఇళ్లలో వినబడే మాటా చాలావరకు ఒకటే. పిల్లల మధ్య ఈ తేడా ఉండాల్సిన అవసరం నాకు కనబడలేదు.

డబ్బెక్కడిది అంటారు. అడగాల్సిన ప్రశ్నే. బడిలో వంటగది ఉంది, పాత్రలున్నాయి, వండే మనిషి ఉంది. టీచర్లకు జీతం ఇస్తున్నాం, భవనాలకు రంగులు వేస్తున్నాం, ట్యాబులు, పుస్తకాలు, బూట్లు ఇస్తున్నాం. ఇంత పెట్టి పొద్దున మూడు గంటల పాఠం ఆకలికి వదిలేస్తే ఆ ఖర్చంతా సగం వృథా. మండలంలో ఐఐటీ ఉంది. ఏర్పేడు ప్రభుత్వ బడిలో చదివిన పిల్ల ఆ గేటులోంచి విద్యార్థిగా లోపలికి పోవాలంటే ఒకటో తరగతి లెక్క, మూడో తరగతి లెక్క తలకెక్కి ఉండాలి. అవి చెప్పేది పొద్దునే. పొద్దున వంట అదనపు పని కాబట్టి వంటామెకు వేతనం కూడా పెంచాలి. ఇప్పుడిస్తున్న 3 వేలకే రెండు పూటలా వండమంటే అది అన్యాయం, నేను ఒప్పుకోను.

ఎండాకాలం సెలవుల సంగతి కూడా ఒక్క మాట. సుప్రీంకోర్టు 2004 నాటి ఉత్తర్వులోనే కరువు ప్రాంతాల్లో సెలవుల్లో కూడా భోజనం పెట్టాలని ఉంది. ఏప్రిల్ చివర మూసిన బడి జూన్ రెండో వారంలో తెరుస్తారు. ఆ మధ్య పిల్లల ఒళ్లు ఎలా తగ్గుతుందో తెరిచిన రోజున బరువు తూస్తే కనబడుతుంది. కరువు మండలాలు ప్రకటించిన ఏడాది ఈ ఉత్తర్వును అధికారులు గుర్తుచేసుకోవాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. 2024 డిసెంబరు 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు మీలో చాలామంది బడిలో పిల్లల పక్కన కూర్చుని తిన్నారు. ఆ పని నెలకోసారి చేయండి. ఇద్దరు ముగ్గురు వంతులు వేసుకుని, చెప్పాపెట్టకుండా వెళ్లండి. పప్పు పలచగా ఉంటే వంటామెను అడగండి, "అక్కా, బిల్లు వచ్చి ఎన్నాళ్లయింది" అని. ఆమె చెప్పిన తేదీ కాగితం మీద రాసి మండల విద్యాధికారికి ఇవ్వండి. రాబోయే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశంలో రెండు తీర్మానాలు రాయించండి: ప్రతి బడిరోజూ పొద్దున అల్పాహారం ఇవ్వాలని, వంట బిల్లులు, గౌరవవేతనం ప్రతి నెలా పదో తేదీలోపు చెల్లించాలని. సంతకాలు పెట్టి, నకళ్లు మీ ఎమ్మెల్యేకి, కలెక్టరుకు పంపండి. సంతకం రాని తల్లి వేలిముద్ర వేసినా అది తీర్మానమే. ఏర్పేడు మండలంలోని ప్రతి బడి నుంచీ ఆ కాగితం వెళ్లాలని కోరుతున్నాను.